గాలి తలుపుల లెక్క

పక్క ఫ్లాట్‌లోకి కొత్తగా దిగిన కుటుంబంలో ఒక ముసలావిడ ఉంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మనవరాలితో గవ్వలాడుతుంది. కింది ఫ్లాట్ వాళ్ళు గొడవ చేస్తారనో ఏమో, నేల మీద కాకుండా స్టీలు పళ్ళెంలో వేస్తుంది. గవ్వలు పళ్ళేనికి తగిలే చప్పుడు మా వంటగది గోడలోంచి స్పష్టంగా వినబడుతుంది. మొదటిసారి విన్న రోజున టీ గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. గోడకు అవతల ఎన్ని గవ్వలు వెల్లకిలా పడ్డాయో ఇవతలి నుంచి ఎవరూ చెప్పలేరు. అయినా నా మనసు లెక్కపెట్టడానికి సిద్ధమైపోయింది. రాజ్యలక్ష్మి అక్క ఇంట్లో మేం పాచికలు స్టీలు పళ్ళెంలోనే వేసేవాళ్ళం.

ఆవిడను ఎరగనివాళ్ళకు ముందు ఆవిడ ఎవరో చెప్పాలి. కాకినాడ మనిషి. ఈ ఎడారి దేశపు కరామా పేటలో, మా పాత భవనం అయిదో అంతస్తులో ఉండేవారు. ఒక భారతీయ పాఠశాలలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవారు. అప్పటికి యాభై దాటాయి. భర్తకు సముద్రం మధ్య చమురు బావుల మీద ఉద్యోగం. నెలరోజులు అక్కడ, నెలరోజులు ఇంట్లో. నేను అదే భవనంలో రెండో అంతస్తులో ఆరుగురం పంచుకున్న గదిలో ఒక మంచానికి హక్కుదారుణ్ణి. ఎలక్ట్రికల్ సామాన్ల గోదాములో స్టోర్‌కీపర్‌ని. ఇంటర్ లెక్కల్లో తప్పి చదువు మానేసినవాణ్ణి. ఆ తప్పడం మనసులో పెట్టుకుని, తర్వాత ఇరవై ఏళ్ళు దొరికిన పుస్తకమల్లా చదివి లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. అలా నేర్చుకున్నవాడికి ఒక జబ్బు ఉంటుంది. తప్పు చెప్పేవాడు పక్కన లేడు గనుక, తనకు కనబడని తప్పు లేదనుకుంటాడు.

మెట్రో కొత్తగా వచ్చిన రోజులవి. మా భవనానికి ఒకటే లిఫ్టు. పొద్దున పూట దాని దగ్గర రోజూ తగువులు. నేను కొన్నాళ్ళు గమనించి, ఏ సమయంలో లిఫ్టు దొరుకుతుందో, ఏ సమయంలో మెట్లు మేలో ఒక కాగితం మీద రాసి లిఫ్టు పక్కన అంటించాను. ఆ సాయంత్రమే కింద కిరాణా కొట్లో ఒకావిడ నా ముందు నిలబడ్డారు.

“లిఫ్టు దగ్గర కాగితం మీదేనని వాచ్‌మన్ చెప్పాడు. ఎన్ని రోజులు చూశారు?”

చీవాట్లు పడతాయనుకున్నాను. “పద్దెనిమిది పనిరోజులండీ.”

“శుక్రవారాలు వదిలేశారా?”

“వదిలేశానండీ. సెలవు రోజులు కలిపితే సగటు చెడుతుంది.”

ఆవిడ ఒకసారి నన్ను ఎగాదిగా చూసి, “ఈ శుక్రవారం నాలుగింటికి మా ఇంటికి రండి. మాకు లెక్కలు చూసే మనిషి కావాలి. జీతం లేదు, పెసరట్టు ఉంది” అన్నారు.

వెళ్ళాక తెలిసింది, అది ఒక ఆట అని. తెర లేదు, బొమ్మలు లేవు. బల్ల చుట్టూ కూర్చుని నోటితో ఆడే కథ. దానికి ఇంగ్లీషులో లావుపాటి నియమాల పుస్తకం ఉంది. దేశం వదిలి వెళ్ళిపోతూ ఎవరో సామాన్లు అమ్మేస్తుంటే అక్క కొన్నారట. పాత ముద్రణ, కుట్లు ఊడి పేజీలు విడివిడిగా వచ్చేవి. కథ జరిగేది రాబోయే కాలపు ఒక పాడు నగరంలో. ఆటగాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో పాత్ర. మిగతా లోకమంతా అక్కే. ఒక పని జరుగుతుందో లేదో తేలనప్పుడు పాచికలు తేలుస్తాయి. ఆ నగరంలో ప్రతి వస్తువూ తీగ లేకుండా గాలిలో మాట్లాడుతుంది. కళ్ళజోడు, తుపాకి, ఇంటి తాళం, చివరికి భుజానికి అతికించుకున్న మరచెయ్యి కూడా. మాట్లాడేది ఏదైనా వినేవాడు ఉంటాడు, వినేవాడు లోపలికి రావచ్చు. వస్తువు గొంతు ఎంత దూరం వెళుతుందో ఒక అంకె, దాని గోడ ఎంత గట్టిదో ఇంకో అంకె. అక్క దీన్ని ‘గాలి తలుపు’ అనేవారు. చొరబడే నియమాలు ఆ పుస్తకంలో ఒకచోట ఉండవు. ఒక ముక్క ఒక అధ్యాయంలో, దాని మినహాయింపు వంద పేజీల అవతల. ప్రతి శుక్రవారం వాటి మీదే తగువు. నన్ను పిలిచింది అందుకు.

ఆడేవాళ్ళు ఇద్దరు. రఫీ నిజామాబాద్ కుర్రవాడు, సత్వా బజారులో సెల్‌ఫోన్లు బాగుచేసేవాడు. జెస్సీ భీమవరం వైపు అమ్మాయి, నర్సు. మొదటి నెలలో జరిగిందొకటి చెబుతాను. రఫీ పాత్రకు మరచెయ్యి ఉంది. ఒక గిడ్డంగిలో దాక్కుని ఉన్నాడు. అవతలివాడు ఆ చేతిలోకి చొరబడాలని చూస్తున్నాడు. గోడ అంకె ఆరు. వాడికి తొమ్మిది పాచికలు. పాచిక మీద అయిదో ఆరో పడితే ఒక గెలుపు. ఆరు గెలుపులు వస్తే గోడ కూలుతుంది.

“అన్నా, జర చెప్పు. బతుకుతనా, సస్తనా?” అన్నాడు రఫీ.

నేను కాగితం మీద వేసి, “నూటికి నాలుగు. భయం లేదు” అన్నాను.

అక్క పాచికలు పళ్ళెంలో వేశారు. మూడు గెలుపులు. “ఖలాస్, పోయిండు వాడు” అని రఫీ వెనక్కి వాలాడు. అక్క పాచికలు మళ్ళీ పోగుచేస్తున్నారు.

“అయిపోయింది కదక్కా” అన్నాను.

“ఎవరు చెప్పారు? దొంగ ఒక్కసారి తలుపు తోసి చూసి ఇంటికి పోతాడా తమ్ముడూ? మళ్ళీ తోస్తాడు. ఇందాకటి మూడూ ఎక్కడికీ పోవు, వీటికి కలుస్తాయి.” ఊడిన పేజీ ఒకటి తీసి నా ముందుంచి వేశారు. నాలుగు. మొత్తం ఏడు. రఫీ మరచెయ్యి లేచి అతని గొంతే పట్టుకుంది.

రఫీ నా వైపు తిరిగి, “నూటికి నాలుగంటివి. ఆ నలుగురిల నేనొక్కణ్ణేనా అన్నా దొరికింది?” అన్నాడు. జెస్సీ నవ్వాపుకోలేక కుర్చీలోంచి లేచిపోయింది.

రెండు విసుర్లకు లెక్క వేస్తే నూటికి యాభై తొమ్మిది వచ్చింది. నాకు చెవులు వేడెక్కాయి. పెసరట్టు సహించలేదు. అందరూ వెళ్ళాక అక్క నన్ను ఆపి, “నీ కూడికా గుణకారం తప్పు కాదు. ప్రశ్న తప్పు” అన్నారు. “లెక్క మూడుసార్లు చూడాలి. ఒకసారి మామూలుగా. ఒకసారి చివర్నుంచి మొదటికి. మూడోసారి నువ్వంటే పడనివాడు చూసినట్టు. నిన్ను తప్పని తేల్చాలనుకునేవాడు ఎక్కడ వెతుకుతాడో అక్కడ చూడు.” నాకు చదువు చెప్పినవాళ్ళెవరూ ఇలా చెప్పలేదు. గోదాములో సరుకు లెక్క చూసేటప్పుడు కూడా మూడోసారి చూడటం అప్పటినుంచే మొదలుపెట్టాను.

ఆ తర్వాత నేను చొరబాటు పట్టికలు రాసుకున్నాను. ఎన్ని పాచికలకు, ఎంత గోడకు, ఎన్ని విసుర్లలో ఎంత ప్రమాదం. పదకొండు పేజీలు. అవి చూశాక రఫీ, జెస్సీ బెదిరిపోయి తమ పాత్రల దగ్గరున్న గాలి తలుపులన్నీ మూసేశారు. కళ్ళజోడు, చెవిపోగు, అన్నీ. నేను తృప్తిపడ్డాను. ఇక ఎవడూ రాలేడు. ఆ శుక్రవారం కథలో రఫీ గోడకు అటుపక్క, జెస్సీ ఇటుపక్క ఉన్నారు. రఫీకి తూటా తగిలింది. జెస్సీ పాత్ర వైద్యురాలు. మామూలుగా అతని నాడి ఆమె కళ్ళజోడులో కనబడాలి. ఇప్పుడు కనబడదు. ఆమె తన దారిన తాళాలు తెరుచుకుంటూ పోయింది. అక్క చాలాసేపు రఫీ ఊసెత్తకుండా కథ నడిపించి, చివరికి అన్నారు: “అన్ని తలుపులూ వేసుకున్నారు, బాగుంది. మీలో ఎవరు బతికున్నారో మీకెలా తెలుస్తుంది?”

“అయ్యో, రఫీ పోయాడా?” అంది జెస్సీ.

“పది నిమిషాలాయె నేను సచ్చి. నీకిప్పుడు యాదికొచ్చిన్నా?” అన్నాడు రఫీ.

మేం నవ్వుకున్నాం. ఆ రోజు అక్క చెప్పింది నేను ఆట మాటగానే విన్నాను.

మరుసటి ఏడాది అక్కకు ఒంట్లో బాగాలేకుండా వచ్చింది. పాఠం చెబుతూ రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయారు. గుండె కొట్టుకునే తాళం ఉన్నట్టుండి చెదురుతోందన్నారు. ఎడమ భుజం ఎముక కింద, చర్మం లోపల, అగ్గిపెట్టెంత యంత్రం పెట్టారు. గుండె గతి తప్పితే అది ఒక్క దెబ్బ కొట్టి దారిలో పెడుతుంది. ఇంటికి ఒక తెల్లటి పెట్టె కూడా ఇచ్చారు. మంచం పక్కన పెట్టుకోవాలి. అక్క నిద్రలో ఉండగా అది లోపలి యంత్రంతో తీగ లేకుండా మాట్లాడి, ఆ వివరాలు ఆసుపత్రికి పంపుతుంది. మేం చూడటానికి వెళితే అక్క దిండుకు ఆనుకుని కూర్చుని, “చూశారా, నాకూ గాలి తలుపు పెట్టారు” అన్నారు.

“మీ గోడ అంకె ఎంత మేడం?” అన్నాడు రఫీ.

“పుస్తకంలో లేదు నాయనా.”

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ పెట్టె మీద చిన్న ఆకుపచ్చ దీపం వెలిగి ఆరుతోంది. నేను దాన్నే చూస్తున్నాను.

ఆ వారంలోనే పేపర్లో ఒక వార్త చదివాను. ఇలాంటి యంత్రాల్లోకి దూరం నుంచి చొరబడటం కుదురుతుందని ఎవరో నిపుణులు ప్రయోగశాలలో చేసి చూపారట. నాలుగు పేరాల వార్త. దాన్ని కత్తిరించి చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. గోదాములో కేబుల్ చుట్టలు లెక్కపెడుతూ మధ్యలో అంకె మరిచిపోయేవాణ్ణి. అక్క పడకగది కిటికీ దగ్గర నిలబడి నా ఫోన్‌లో చూస్తే చుట్టుపక్కల ఇరవై మూడు వైర్‌లెస్ కనెక్షన్ల పేర్లు కనబడ్డాయి. ఇరవై మూడు ఇళ్ళు. ఒక్కో ఇంట్లో ఎంతమంది, వాళ్ళలో ఎవరెవరు, ఎన్ని రోజులు, ఎన్ని ప్రయత్నాలు. ఒక విసురు కాదు, విసుర్లన్నీ కలుస్తాయి. ఆ పాఠం నాకు గట్టిగా వచ్చింది కదా. గ్రాఫు కాగితం మీద భవనం గీశాను. అక్క మంచం గీశాను. చుట్టూ దూరాలు గీశాను. పక్కన అంకెలు రాశాను. వాటిలో సగం ఆ ఆట పుస్తకంలోంచి తెచ్చినవే. నిజం యంత్రానికి గోడ ఎంతో నాకేం తెలుసు? కానీ కాగితం మీద పడ్డాక అన్ని అంకెలూ ఒకలాగే కనిపించాయి.

మంగళవారం సాయంత్రం ఆరింటికి ఆ కాగితం పట్టుకుని వెళ్ళాను. భర్త సముద్రం మీద ఉన్నారు. జెస్సీ సెలవు మీద ఊరు వెళ్ళింది. అక్క చాలాసేపు చూశారు. “మూడోసారి చూశావా తమ్ముడూ?” అని అడిగారు.

“చూశానక్కా” అన్నాను.

అబద్ధం చెప్పానని అప్పుడు నాకు తెలియదు. మూడోసారి నిజంగానే చూశాను. కానీ నేనంటే పడనివాడిలా చూడలేదు. అక్కంటే పడనివాడు ఎలా వస్తాడో చూశాను. ఆ రెండూ వేరని తట్టలేదు. అక్క ఎప్పుడూ నా లెక్కను ఒక్క ప్రశ్నయినా అడగకుండా వదిలేవారు కాదు. ఆ రోజు వదిలేశారు. చెయ్యి ఎడమ భుజం మీద వేసుకుని, కిటికీ వైపు చూస్తూ, “తీసెయ్యి” అన్నారు. నేను వంగి ప్లగ్గు పీకాను. ఆకుపచ్చ దీపం ఆరిపోయింది. ఆ వారంలో మొదటిసారి నాకు ఆకలి వేసింది.

పదకొండు రోజులు. పన్నెండో రోజు, ఆదివారం పొద్దున, ఇక్కడ అది పనిరోజే, గోదాములో ఉండగా రఫీ ఫోన్ చేశాడు. “అన్నా, మేడం బడిల పడిపోయింది. ఆసుపత్రికి తీస్కపోయిన్రు. యల్లా, బయలెల్లు జల్ది.” ట్యాక్సీలో కూర్చుని నేను ఏ లెక్కా వెయ్యలేకపోయాను. ఎప్పుడు ఏమీ తోచకపోయినా దారిలో దీపస్తంభాలు లెక్కపెడతాను. అవి కూడా పెట్టలేదు.

అక్క బతికే ఉన్నారు. లోపలి యంత్రం రెండు దెబ్బలు కొట్టి గుండెను వెనక్కి తెచ్చింది. ఊరినుంచి అప్పుడే తిరిగొచ్చిన జెస్సీ డాక్టరుతో మాట్లాడి వరండాలోకి వచ్చింది. “పదకొండు రోజులుగా పెట్టె నుంచి ఏమీ రాలేదంట. ఫోన్ చేస్తే ఆంటీ ఎత్తలేదంట. పెట్టె పాడైందా అని అడుగుతున్నారు. మీకేమన్నా తెలుసా అన్నయ్యా?”

చెప్పాను. కాగితం సంగతి కూడా చెప్పాను. ఆ పిల్ల అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

“గుండె గతి తప్పబోతుంటే ముందే చిన్నచిన్న తేడాలు వస్తాయి అన్నయ్యా. అన్నిసార్లూ కాదు, కొన్నిసార్లు. అవి కనబడితే పిలిచి మందు మార్చేవాళ్ళు. నేను భీమవరంలో ఉన్నాను గానీ చచ్చిపోలేదు కదా. ఒక్క ఫోన్ చెయ్యలేకపోయారా?”

రఫీ గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. “ఊకో జెస్సీ. అన్న ముఖం చూడు” అన్నాడు.

“చూశాన్లే. ఆవిడ ముఖం కూడా చూసొచ్చాను” అంది.

రెండు రోజుల తర్వాత వార్డులోకి రానిచ్చారు. క్షమాపణ చెప్పాలని మాటలు పేర్చుకుని వెళ్ళాను. అక్క అవి మొదలుపెట్టనివ్వలేదు. “ఆ కాగితం తెచ్చావా?” అన్నారు. జేబులోనే ఉంది. విప్పి దుప్పటి మీద పరిచారు. పిల్లల జవాబు పత్రం దిద్దేటట్టు పైనుంచి కిందికి వేలు పెట్టి చదివారు.

“కూడికలు సరిగానే ఉన్నాయి. ఇందులో నేనెక్కడున్నాను?”

“మంచం గీశానక్కా.”

“మంచం గీశావు” అన్నారు.

అక్క కాగితం మడిచి నా చేతిలో పెట్టారు. గోడ మీద ఏదో యంత్రం కీచుమంటోంది. తర్వాత అక్క నెమ్మదిగా అన్నారు. “తప్పు నీ ఒక్కడిదే కాదు, కాబట్టి ఏడవకు. నువ్వు భయపడ్డావు. ఈ వస్తువు ఒంట్లో పెట్టినప్పటినుంచి నాకూ భయమే, నేనూ ఎవరికీ చెప్పలేదు. ఇద్దరం భయపడ్డామని చెప్పుకుని ఉంటే, పద డాక్టర్ని అడుగుదాం అనుకునేవాళ్ళం. నువ్వు భయాన్ని అంకెలు చేసి తెచ్చావు. అంకెలు చూసి నేను నోరు మూసుకున్నాను. అదీ జరిగింది.”

ఆసుపత్రి నుంచి వచ్చాక పెట్టె మళ్ళీ పెట్టారు. ప్లగ్గు నన్నే పెట్టమన్నారు. తర్వాతి పరీక్షకు నన్ను వెంట తీసుకెళ్ళారు. అక్కడ యంత్రాలు చూసే మలయాళీ అమ్మాయి ఓపిగ్గా నా ప్రశ్నలన్నీ విన్నది. ఆ వార్త వాళ్ళకూ తెలుసు. ఆ ప్రయోగం చెయ్యడానికి ఎంత సామగ్రి, ఎంత దగ్గర, ఎంతసేపు కావాలో చెప్పింది. పెట్టె ఆపితే ఏం కనబడకుండా పోతుందో అదీ చెప్పింది. చివరికి అసలు ప్రశ్న అడిగాను. ఆ పదకొండు రోజులూ పెట్టె వెలుగుతూ ఉంటే ముందే తెలిసేదా? ఆమె తెర మీద ఖాళీగా ఉన్న చోటు చూసి, “చెప్పలేం సార్. తెలిసేదేమో. తెలియకపోయేదేమో” అంది. అంకె ఏమన్నా వస్తుందేమోనని నేను ఇంకా నిలబడే ఉన్నాను. అక్క నా మోచెయ్యి పట్టుకుని, “పద, బస్సు పోతుంది” అన్నారు.

ఆట మళ్ళీ మొదలైంది గానీ నేను పట్టికలు చూపించడం మానేశాను. జెస్సీ నాతో మునుపటిలా మాట్లాడటానికి నాలుగు నెలలు పట్టింది. ఒక శుక్రవారం, “అన్నయ్యా, ఈ గోడ దూకమంటారా, వద్దా?” అని అడిగింది. పాచికల లెక్క చెప్పాను. అది పాచికలకే పనికొస్తుందని కూడా చెప్పాను. “ఆ మాత్రం నాకూ తెలుసులెండి” అని దూకేసింది. ఆ రోజు రఫీ అందరికీ ఇరానీ టీ తెప్పించాడు.

అక్క రిటైరై కాకినాడ వెళ్ళిపోయారు. అక్కడ ఆరేళ్ళు బతికారు. పోయింది గుండెతో కాదు, జ్వరంతో. ఫోన్‌లో మాట్లాడుకున్నప్పుడల్లా ఆ పదకొండు రోజుల మాట ఎత్తబోయేవాణ్ణి. ఆవిడ అక్కడి ఎండల గురించి మొదలుపెట్టేవారు. ఆ ప్రశ్నకు జవాబు ఇక రాదు. నేను లెక్కపెట్టే మనిషిని గనుక, జవాబు లేని ప్రశ్న నాకు ఒంట్లో ముల్లులా ఉంటుంది. అది పోవాలని ఇప్పుడు కోరుకోవడం లేదు.

లెక్కలు బాగా చూస్తానని మా భవనంలో పేరు పడింది. పోయిన నెల పై అంతస్తు శ్రీనివాస్ వచ్చాడు. అతని తండ్రికి చక్కెర జబ్బు. ఒంటికి అతికించే ఒక కొత్త యంత్రం పెట్టమంటున్నారట. ఫోన్‌కి కలుస్తుందట. “పెట్టించమంటారా అన్నా? ఏదో ఒకటి, నూటికి ఎంతో చెప్పండి చాలు” అన్నాడు. నా చెయ్యి అలవాటుగా పెన్ను కోసం జేబులోకి వెళ్ళింది. యంత్రం, ఫోన్, గాలి అనగానే ఆ పాత గ్రాఫు కాగితం గుర్తొచ్చింది. ఆ భయం నాకు పోలేదు, పోదు కూడా. పెన్ను జేబులోనే వదిలేసి, డాక్టర్ దగ్గరకు ఎప్పుడు వెళుతున్నారని అడిగాను. గురువారం అన్నాడు. గోదాములో సగం పూట సెలవు అడిగి వాళ్ళతో వెళ్ళాను. డాక్టర్ నన్ను చూసి, “మీరు పేషెంటుకు ఏమవుతారు?” అని అడిగారు.

“ఏమీ కానండీ” అన్నాను. “ఈ యంత్రమంటే నాకు భయంగా ఉంది. పెట్టిస్తే ఏమవుతుందో, పెట్టించకపోతే ఏమవుతుందో, రెండూ అడగాలని వచ్చాను.”